చివరి నునుపు

కాఫీ గ్లాసు అందుకోబోయిన భర్త చేతుల్ని చూసి ఆమె ఉలిక్కిపడింది. పది వేళ్ల మీదా ఒక్క గీత లేదు!

నిన్న పొద్దున ఆ వేళ్లకు నూనె రాసింది తనే. అప్పుడున్నాయి. ఇంకాసేపట్లో వీసా కేంద్రానికి వెళ్లి ఇద్దరూ వేలిముద్రలు ఇవ్వాలి.

“ఏమండీ, ఇదేంటి?”

“ఏది?” అంటూ ఆయన చేతులు వెనక్కి లాక్కున్నాడు.

ఆయన వడ్రంగి. చెక్కను గరుకు కాగితంతో రుద్దీ రుద్దీ వేళ్ల గీతలు ఎప్పుడో అరిగిపోయాయి. ఆమె పళ్లసెట్లు తయారుచేసే ల్యాబులో పనిచేస్తుంది. పరాయి దేశం నుంచి అదే పనికి పిలుపొచ్చింది. ఉద్యోగ వీసా ఆమెది, ఆమె భర్తగా వెంట వెళ్లే కుటుంబ వీసా ఆయనది. కొన్నాళ్లు పని మానేస్తే గీతలు మళ్లీ వస్తాయని వీళ్ల వీసా పని చూస్తున్న లాయరమ్మ చెప్పింది. మానేశాడు. వచ్చాయి. మరి రాత్రికి రాత్రి ఏమైపోయాయి?

పక్క వాటాలో ఉండే ఆడపడుచు చక్కెర కోసం వచ్చి తమ్ముడి చెయ్యి తిప్పి చూసింది. “ఒరేయ్, చిన్నప్పుడు జామకాయలు కోసి ప్రతిసారీ దొరికిపోయేవాడివి. ఇప్పుడు ఊరంతా దోచినా నిన్ను పట్టుకోలేరు!”

“వదినా, నవ్వులాట కాదు.”

“నేనెక్కడ నవ్వాను మరదలా? వీడు నేల చూపులు చూస్తున్నాడంటే ఏదో చేసినట్టే. వీడి సంగతి నాకు తెలీదూ!”

ఆమె పెరట్లోకి వెళ్లి లాయరమ్మకు ఫోన్ చేసింది.

“ఆయన ముద్రలు పడకపోతే నా వీసా ఆగిపోతుందా?”

“ఆగదండీ. ఉద్యోగం మీది, దరఖాస్తు మీది. ఆయన వీసా మీ వీసా మీద ఆధారపడుతుంది కానీ, మీది ఆయన మీద ఆధారపడదు. గీతలు వచ్చాక ఆయన వెనకాల రావచ్చు.” లాయరమ్మ గొంతు తగ్గించింది. “నిన్న మధ్యాహ్నం సారు ఫోన్ చేశారు. అక్కడ పని చేసుకోవచ్చా అని అడిగారు. ఈ వీసా మీద వెళ్లగానే కుదరదన్నాను. అంతే, టక్కున పెట్టేశారు. వెళ్లాక విడిగా అనుమతికి పెట్టుకోవచ్చని, చాలామందికి ఇస్తారని చెప్పబోతున్నాను.”

ఆమె జీతం అడిగింది, ఇల్లు అడిగింది, చలి ఎంతుంటుందో కూడా అడిగింది. ఆయన చేతుల గురించి మాత్రం ఒక్కసారీ అడగలేదు.

పెరటి చివర ఆయన పని పాక. తలుపు తీయగానే చిత్రిక పట్టిన చెక్క పొట్టు వాసన గుప్పుమంది. పెళ్లికి ముందు, పళ్లసెట్ల అచ్చులకు మైనాన్ని చెక్కే తన చిన్న కత్తికి పిడి చేయించుకుందామని ఆమె ఈ గుమ్మంలోకే వచ్చింది. “కొలత కావాలి, చెయ్యివ్వండి” అన్నాడాయన. ఒక్క పిడికి నాలుగుసార్లు కొలిచాడు. ఆ గరుకు వేళ్లు తగిలి ఎంత సిగ్గుపడిందో! ఆ తర్వాత కరెంటు పోయి చీకటైనా, జనంలో చెయ్యి జారినా, ఆమె ఆయన్ను గుర్తుపట్టింది ఆ గరుకుతోనే.

బల్ల మీద కొత్త పెట్టె ఉంది. లోపల ఆమె పనిముట్లకు ఒక్కోదానికీ ఒక్కో గాడి. అన్నిటికన్నా ముందు ఆ పాత కత్తి పిడికి. మూత మీద చెయ్యి పెడితే వెన్నలా జారిపోతోంది.

వెనక ఆయన అడుగుల చప్పుడైంది.

“లాయరమ్మ మాట సగమే విని పెట్టేశారట. మిగతాది నేను చెప్తాను, వినండి. అక్కడికెళ్లాక మీ పనికి అనుమతి అడగొచ్చు. చాలామందికి ఇస్తారట.”

ఆయన గుమ్మానికి ఆనుకున్నాడు.

ఆమె కళ్లు తుడుచుకుంది. “నాకు చెప్పకుండా పెట్టె చేశారన్నమాట. దీని పని మీదే అరిగిపోయాయి కదూ గీతలు? అంతే కదా?”

ఔనంటే చాలు, ఆ సంగతి అక్కడితో ముగిసిపోతుంది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

“కాదే. పెట్టె నిన్న మధ్యాహ్నానికే అయిపోయింది. చివరి నునుపు మాత్రం తొడుగులు తీసి వట్టి చేత్తోనే చెయ్యాలి కదా, ఒకటి రెండు వేళ్లు అరిగాయి. అంతే. ఆ తర్వాత లాయరమ్మకి ఫోన్ చేశాను. పని కుదరదంది. మిగిలిన గరుకు కాగితం చేతిలోనే ఉంది. అప్పుడు నేను రుద్దింది చెక్కని కాదు. పని లేని చేతికి గీతలెందుకనిపించింది. నేను రాకపోతే నువ్వూ ఆగిపోతావని కూడా అనుకున్నాను, అదీ నిజమే. నువ్వు ముందు వెళ్లు. గీతలు రాగానే నేనొస్తాను. అందాకా ఈ గరుకు కాగితాలన్నీ అక్క దగ్గర దాచిపెట్టు. నన్ను మాత్రం నమ్మకు.”