నొక్కకూడని మెయిల్

"ఆ లింకు ఎందుకు నొక్కారు?"

ల్యాప్‌టాప్‌ తెర మీద షాహిస్తా నాతో అన్న మొదటి మాట అది.

నేను సరుకు ఓడలో ఎలక్ట్రికల్‌ ఆఫీసర్ని. ఆమె మా కంపెనీ సైబర్‌ భద్రత చూస్తుంది. సముద్రంలో ఉండగా నాకో మెయిల్‌ వచ్చింది. నా బదులు మనిషి దొరికాడట, ఇంటికి వెళ్లొచ్చట. నొక్కాను. అది ఆమె పెట్టిన పరీక్ష. ఇప్పుడు సెలవులో పాఠాలు.

"నిజంగా దొంగ మెయిలైతే? వైరస్‌ మీ ఓడ మ్యాపుల్లో దూరేది. ఏ రాయికో కొట్టుకునేవాళ్లు సుభానీ గారూ."

"ఐదు నెలలు నీళ్లే చూసినోడికి ఇల్లని రాస్తే నొక్కక ఏంజేస్తాడండీ?"

"అందుకే ఆ మాట రాశా."

కోపం రావాల్సింది. నా మనసెక్కడ పలచగా ఉందో ఎవరికో తెలిసిందన్న హాయి కలిగింది.

ఇంతలో ఆమె వెనక మైకు మోగింది. పాత ఇనుప సామాన్లు కొంటామని. రెండు నిమిషాలకు అదే మైకు నా కిటికీ కింద.

"మీది నరసరావుపేటా?" ఇద్దరం ఒకేసారి అడిగాం.

పక్క వీధి. ఆ తర్వాత పాఠాలు చానా పొడుగయ్యాయి.

"ఇంకో పరీక్ష ఉంటది, చెప్పి రాదు," అందొకరోజు. "మళ్లీ నొక్కితే ఓడ ఎక్కనీరు. అనుమానమొస్తే జవాబివ్వొద్దు. వేరే దారిలో ఆ మనిషినే అడగండి."

ప్రయాణానికి రెండ్రోజుల ముందు మెయిల్‌ వచ్చింది.

"మీ గురించి మా ఇంట్లో చెప్పాను. మీకిష్టమైతే ఇక్కడ నొక్కండి. షాహిస్తా."

వేలు తెర దాకా వెళ్లి ఆగింది. పరీక్షైతే ఉద్యోగం పోతుంది. నిజమైతే, నొక్కకపోతే ఆమె పోతుంది.

వానలో గొడుగు కూడా మరిచి పక్క వీధిలో వాళ్లింటికి నడిచాను. తలుపు తీసింది వాళ్లమ్మ సాబిరా. ఆమె భుజం వెనక షాహిస్తా.

"నొక్కారా?"

"లేదు. అడగడానికొచ్చా."

"పాసయ్యారు."

వాన నీళ్లు చెవుల మీంచి కారుతున్నాయి. "అంటే, ఉత్త పరీక్షేనా?"

ఆమె చున్నీ అంచు చూసుకుంటూ నిలబడింది.

సాబిరా నన్ను పైనుంచి కిందిదాకా చూసి కూతురి వైపు తిరిగింది.

"ఏమే, వారం నుంచి నువ్వు చెప్తున్న ఓడబ్బాయి ఈయనేనా? తువ్వాలియ్యి, తడిసి ముద్దయ్యాడు."

వేరే దారిలో జవాబు అందింది.