నాలుగో ముద్దాయి

పొయ్యి మీద ఉప్మా ఇంకా ఉడుకుతూ ఉండగానే వెంకటరాజం ఇంటి ముందు మోటారు సైకిల్ ఆగింది. ఖాకీ ప్యాంటు మీద మామూలు చొక్కా తొడుక్కున్న కానిస్టేబుల్ పరశురాం దిగాడు. గడప ముందు పోలీసు ఆగితే ఏ ఇంట్లోనైనా గుండెలు జారతాయి. ఆ ఇంట్లో మాత్రం అందరి ముఖాలూ వెలిగాయి. పాలమూరులో ప్రైవేటు దవాఖానలో చాకిరీ చేస్తున్న కూతురు స్వర్ణలతకు సర్కారు నర్సు ఉద్యోగం వచ్చింది. ఆర్డరు చేతికి అందాలంటే పోలీసు విచారణ ఒక్కటే మిగిలింది. దాని కోసమే ఆమె పది రోజులు సెలవు పెట్టి ఇంటికి వచ్చి కూర్చుంది.

"రా బిడ్డా, కూసో. రోజా, సారుకు చాయ్ తే!" అంటూ ఆండాళు కొంగుతో కుర్చీ తుడిచింది. కోడలు రోజారమణి మారు మాట్లాడకుండా వంటింట్లోకి వెళ్లింది. ఆ ఇంట్లో ఆమె మాట్లాడేది తక్కువ. ఆమెను అడిగేవాళ్లు అంతకంటే తక్కువ.

పరశురాం ఫైలు విప్పి పుట్టిన తేదీ, చదివిన కాలేజీలు అన్నీ అడిగి రాసుకున్నాడు. "రేపు మాకు సూదేస్తే నొప్పి లేకుండ ఎయ్యాలె నర్సమ్మా" అని నవ్వించాడు కూడా. తర్వాత ఒక కాగితం దగ్గర ఆగిపోయాడు.

"కేసులేమన్న ఉన్నయా?"

"కేసులా? నాకా?" స్వర్ణలత నవ్వింది. "లేవని ఫారంల రాసిన కద సార్."

"రాసినవ్. గందుకే అడుగుతున్న." ఈసారి అతను నవ్వలేదు. "రెండువేల పదహారుల మీ వాడల కొట్లాట కేసు. నాలుగో ముద్దాయి స్వర్ణలత, తండ్రి వెంకటరాజం. మా కంప్యూటర్ల చూపిస్తాంది. పదిహేడుల కోర్టుల అయిపోయింది. ఎట్ల అయిపోయిందన్నది మా దగ్గర లేదు."

చాయ్ తెస్తున్న రోజారమణి గుమ్మంలోనే నిలబడిపోయింది. గ్లాసు తొణికి వేడి చాయ్ చేతి మీద పడినా ఆమె కదలలేదు.

"కోర్టు తీర్పు నకలు తీసి పెట్టు" అన్నాడు పరశురాం లేస్తూ. "కేసు కొట్టేసిండ్రంటె ఫికర్ లేదు. జుర్మాన పడ్డదంటె మాత్రం నువ్వు ఫారంల దాచినట్టయితది. దాచినోళ్లకు ఆర్డరియ్యరు. వారంల మళ్లొస్త." చాయ్ ముట్టకుండానే వెళ్లిపోయాడు.

మగ్గం గుంటలో కూర్చున్న వెంకటరాజం తల ఎత్తలేదు. "అది వేరే స్వర్ణలత అయి ఉంటది" అన్నాడు చివరికి.

"తండ్రి గూడ వేరే వెంకటరాజమేనా బాపు?"

వెంకటరాజం తెగిన పోగు వెతుకుతున్నట్టు చీర మీదకు వంగాడు. మగ్గం మాత్రం ఆడలేదు.

కొట్లాట సంగతి స్వర్ణలతకు తెలియనిది కాదు. తెల్లవారుజామున మగ్గానికెక్కించే పడుగు దారాలు వీధి పొడవునా చాపి గంజి పెడుతుంటే, పక్కింటివాడు ఆగమన్నా ఆగకుండా దాని మీదుగా ఆటో తోలాడు. నెల రోజుల పనికి సరిపడే దారం తెగిపోయింది. మాటా మాటా పెరిగి అన్న శ్రవణ్ కర్ర తీశాడు. ఎవరి తలో పగిలింది. అప్పుడు స్వర్ణలత హైదరాబాదులో నర్సింగు చదువుతూ హాస్టల్లో ఉంది. కానీ ఫిర్యాదు రాయించేవాళ్లకు ఒక పాడు అలవాటుంది. కొట్టింది ఒక్కడే అయినా ఇంట్లో ఎందరుంటే అందరి పేర్లూ ఎక్కిస్తారు, రేషన్ కార్డు చూసి రాసినట్టు. కేసు కొట్టేశారని బాపు ఫోనులో చెప్పాడు, ఆమె నమ్మింది. తన పేరు కూడా అందులో ఉందని మాత్రం ఎవరూ చెప్పలేదు.

"ఆ నకలు తియ్యకు బిడ్డా" అన్నాడు వెంకటరాజం మరునాడు, బస్సుకు బయలుదేరుతున్న కూతురికి అడ్డుపడి. "పాతది తవ్వితె లేనిది మీద పడ్తది."

"తియ్యకుంటె నౌకరి పోతది బాపు. కేసు కొట్టేసిండ్రని నువ్వే అంటివి కద, మరెందుకు భయం?"

ఆయన పక్కకు తప్పుకున్నాడు. ఆ తప్పుకోవడమే స్వర్ణలతకు నచ్చలేదు. బస్సెక్కిందాకా వీపు మీద ఆయన చూపు ఆనినట్టే ఉంది.

పోలీసు స్టేషనులో రైటర్ తెల్ల కాగితం మీద దరఖాస్తు రాయించుకుని, రెండు పూటలు కూర్చోబెట్టి, పాత రిజిస్టరులోంచి క్రైం నంబరు, కోర్టు ఇచ్చిన కేసు నంబరు చీటీ మీద రాసిచ్చాడు. "ఎఫ్‌ఐఆర్ అయితె మా దగ్గర దొరుకుతది. తీర్పు మాత్రం కోర్టులనే తియ్యాలె" అన్నాడు. కోర్టు గేటు ముందు వేపచెట్టు కింద టైపు మిషను పెట్టుకున్న జానీ మిగతాది చెప్పాడు. అరవై ఏళ్ల మనిషి, ముప్ఫై ఏళ్లుగా అక్కడే కూర్చుని జనం కష్టాలు టైపు కొడుతున్నాడు.

"కేసుల నీ పేరుందా అమ్మా? అయితె తకలీఫ్ లేదు. బయటోళ్లు అడిగితె ఎందుకు కావాల్నో అఫిడవిట్ పెట్టాలె. నువ్వు పార్టీవే కద, దరఖాస్తుకు కోర్టు స్టాంపు అతికిచ్చి నకళ్ల సెక్షన్ల ఇయ్యి. రికార్డు రూముల కట్ట దొరికితె నాలుగైదు రోజులు."

"దొరకకుంటె?"

"చిన్న కేసులవి కొన్నేండ్లకు కాలవెడ్తరు. నీ నసీబు."

ఏం కోరుకోవాలో స్వర్ణలతకు తెలియలేదు. తీర్పు, దాంతోపాటు ముద్దాయిలు సంతకాలు పెట్టిన కాగితం, రెండూ కావాలని రాసిచ్చి వచ్చింది.

ఆ నాలుగు రోజులూ ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. మగ్గం మీద సగం నేసిన చీర అట్లాగే ఉండిపోయింది. ఆండాళు చీటికిమాటికి కోడలి మీద కస్సుమంటూ, మళ్లీ తనే ఆమె కంచంలో పెరుగు వేసేది. స్వర్ణలత వెళ్లేసరికి అత్తాకోడళ్ల మాటలు టక్కున ఆగిపోయేవి. తన ఇంట్లో తనకు తెలియనిదేదో తిరుగుతోందని ఆమెకు అర్థమైంది. ఐదో రోజు కోర్టు గేటు దగ్గర జానీ ఆమెను ఆపాడు.

"నిన్న మీ బాపు వచ్చిండమ్మా. బిడ్డ ఇచ్చిన దరఖాస్తు తండ్రి వాపస్ తీసుకోవచ్చునా అని అడిగిండు. కాదన్న. జర సేపు గీడనే నేల మీద కూసోని పోయిండు."

నకలు చేతికొచ్చింది. మొదటి పేజీలోనే ఉంది. ముద్దాయిలు నలుగురూ హాజరై నేరం ఒప్పుకున్నారు. తలా రెండు వందల జుర్మానా, కోర్టు లేచేదాకా అక్కడే కూర్చోవాలని శిక్ష. వెనక పేజీలో నాలుగు సంతకాలు. బాపుది, అన్నది, అమ్మ వేలిముద్ర. నాలుగోది, గుండ్రటి అక్షరాలతో, ఒక్కో అక్షరం తడుముకుంటూ రాసినట్టున్న 'స్వర్ణలత'. ఆ చేతిరాత ఆమెకు బాగా తెలుసు. పచ్చడి జాడీల మీద, సరుకుల చీటీల మీద ఇంటికొచ్చినప్పుడల్లా చూసేదే.

"చాచా, ఒకల పేరు మీద ఇంకొకలు కోర్టుల నిలబడితె ఏమైతది?"

జానీ ఆమె వంకా, కాగితం వంకా చూసి గొంతు తగ్గించాడు. "మూడేండ్ల దాక జైలు పడ్తది. నిలబడినోళ్లకూ, నిలబెట్టినోళ్లకూ. గీ మాట ఇంకెవలినీ అడుగకమ్మా."

ఇంటికొచ్చి ఆ కాగితాన్ని నేస్తున్న చీర మీదనే పరిచింది స్వర్ణలత. "బాపు, కోర్టుల నా పేరు పిలిస్తె చెయ్యెత్తిందెవలు?"

వెంకటరాజం కాగితం కిందున్న దారాలను వేలితో సర్దాడు. "ఆ దినం నీకు పరీక్ష" అన్నాడు. "నలుగురూ రావాలె, ఒకలు రాకున్నా వారంటు పంపుతరన్నడు వకీలు. ఒప్పుకుంటె ఒక్క దినంల తేలిపోతదన్నడు. పెండ్లి గావాల్సిన పిల్లవు, నిన్ను తెచ్చి బోనుల నిలబెడ్తె రేపు ఎవడు చేసుకుంటడు? కోడలు కొత్తగొచ్చింది. గా కోర్టుల ఎవలికీ ఎరుక లేదు. చెయ్యెత్తుడే కద అనుకున్న."

"ఒప్పుకుంటె నేరం చేసినట్టు రాసుకుంటరని తెల్వదా?"

"అయిపోయిందంటె అయిపోయిందనుకున్న బిడ్డా. మాకేమెరుక?"

"వదిన ఏమన్నది?"

"ఆమె ఏమంటది?"

ఎంత మామూలుగా అన్నాడో! ఆ మాట విని స్వర్ణలతకు కాగితం చూసినప్పటికంటే ఎక్కువ మంటెత్తింది. వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్న రోజారమణి, అడిగినవాళ్లు లేకుండానే, మొదటిసారి నోరు విప్పింది.

"పెండ్లయి పదిహేను దినాలు. మీ అన్న తల వంచుకోని నిలబడ్డడు గాని వద్దనలె. పెండ్లిగాని పిల్ల లెక్క కనవడాలెనని అత్తమ్మ నా మట్టెలు తీసింది. పుస్తెలు రైక లోపలికి దోపింది. జడ్జి సారు పేరడిగితె నీ పేరు చెప్పిన స్వర్ణా. కోర్టు లేచేదాక గా మూలకు కూసోమన్నరు. ఇంటికచ్చి మట్టెలు నేనే తొడుక్కున్న. కోస్గిల ఉన్న మా నాయినకు ఇయ్యాల్టికీ చెప్పలె."

కొత్త పెళ్లికూతురి మట్టెలు తీయించిన మనిషి తన తల్లేనా అని స్వర్ణలత ఆండాళు వైపు చూసింది. ఆండాళు కళ్లు తుడుచుకుంది గాని, తల్లి బుద్ధి తల్లి బుద్ధే.

"అయిందేదో అయింది. ఇప్పుడు నా బిడ్డ నౌకరి దక్కాలె. నిలబడ్డది నేనే అని కోడలు ఒక్క మాట చెప్తె..."

"మూడేండ్లు జైలమ్మా! బాపుకు గూడ! వదిన కొడుకు రెండో తరగతి సదువుతుండు!"

"ఆడమనిషని ఇడిసిపెడ్తరే. ఏమంటవ్ రోజా?"

"చెప్త అత్తమ్మ" అంది రోజారమణి. చాయ్ తెమ్మంటే తెస్తానన్నట్టే అంది.

అన్నం వండినా ఆ పూట ఎవరూ కంచం ముందు కూర్చోలేదు. మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తున్న శ్రవణ్ ఫోను చేసి, విషయం వినగానే పెట్టేశాడు.

మరునాడు పొద్దున్నే పరశురాం వచ్చాడు. నకలు రెండుసార్లు చదివి, ఫారం మీద ఉన్న స్వర్ణలత సంతకం పక్కన పెట్టి చూశాడు. పోలికే లేదు. అతని ముఖం గట్టిపడింది.

"చూడమ్మా, రెండే దార్లు. గీ కేసు నాకు తెల్వదు, సంతకం నాది కాదంటవా, అదే రాస్త. నీ తప్పు లేదన్నట్టయితది. అప్పుడు కోర్టుల నీ పేరు చెప్పిందెవలో మావోళ్లు తేలుస్తరు. కాదు, సంతకం నాదే అంటవా, తెలిసీ ఫారంల దాచినట్టు. నౌకరి మీద ఆశ ఇడిసిపెట్టుకో."

వెంకటరాజం మగ్గం గుంజ పట్టుకుని నిలబడ్డాడు. రోజారమణి కొడుకును లోపలికి పంపి, కొంగు సర్దుకుని ముందుకు వచ్చింది.

"సార్, గా దినం..."

"నాదే సార్" అంది స్వర్ణలత. "గా సంతకం నాదే."

పరశురాం తల ఎత్తాడు. ఒకసారి ఆమెను, ఒకసారి రోజారమణిని చూశాడు. "ఎనిమిదేండ్లల సంతకం గింత మారుతదా?"

"మారింది సార్."

"పరీక్ష రాసి తెచ్చుకున్న నౌకరి అమ్మా. ఆలోచించుకోని చెప్పు. ఒక్కసారి రాసినంక నేను గూడ దిద్దలేను."

"నేనే పోయిన, నేనే ఒప్పుకున్న, కోర్టు లేచేదాక నేనే కూసున్న. రాసుకోండ్రి."

అతను రాసుకున్నాడు. ఆమె కింద సంతకం పెట్టింది. పెన్నుకు మూత పెట్టి తిరిగి ఇచ్చింది. బండి చప్పుడు వాడ దాటిందాకా ఎవరూ కదలలేదు.

వెంకటరాజం వచ్చి కోడలి ముందు చేతులు జోడించాడు. "ఆనాడు ఒక్క మాట నిన్నడగాల్సింది బిడ్డా" అన్నాడు. ఆండాళు గోడకు ఆనుకుని నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. ఏ కూతురి పరువు కోసం ఇదంతా చేశారో ఆ కూతురి బతుకే తమ చేతులతో తెగ్గొట్టామని ఇద్దరికీ అప్పటికి తలకెక్కింది.

రోజారమణి ఎవరి వంకా చూడలేదు. ఆడబిడ్డ రెండు భుజాలూ పట్టుకుని ఊపేసింది.

"ఎందుకన్నవ్ స్వర్ణా? నేను చెప్తుంటి కద! నీ నౌకరి పాయె కద!"

స్వర్ణలత కళ్లలోంచి అప్పుడు దూకాయి నీళ్లు.

"ఎనిమిదేండ్లు మోసినవ్ వదినా, ఎవ్వలకూ చెప్పకుండ. ఇగ చాలు. నా పేరు నాకియ్యి."

ఆ ఇంట్లో అడుగుపెట్టాక రోజారమణి పైకి వినబడేలా ఏడవడం అదే మొదటిసారి.