మెడ కింద రెండు వేళ్లు

“ఈత అంటూ నేర్చుకుంటే నీ దగ్గరే నేర్చుకుంటానురా. ఇంకెవరి చెయ్యీ పట్టుకోను.”

మా అమ్మ ఇచ్చిన మాట ఇది. మేం నలుగురం వీపులకు సంచులు తగిలించుకుని బయల్దేరిన తెల్లవారుజామున బస్టాండులో ఇచ్చింది. నాన్న, అక్క సాక్షులు. ఆ మాట ఎక్కడ మునిగిందో చెబుతాను.

మేం దిగిన హాస్టల్‌కీ సముద్రానికీ మధ్య మూతబడ్డ హోటల్ ఒకటుంది. కిటికీలకు రెక్కల్లేవు. వెనకాల ఈతకొలను... వానలకు అంచుదాకా నిండి, నాచు పట్టి, నల్లగా. పొద్దుగూకితే అటు ఎవరూ పోరు. హోటల్ మూసినా, అక్కడ ఈత నేర్పేవాడు మాత్రం వెళ్లలేదట. ఒక పొద్దున ఆ నీళ్లలోనే తేలాడట. ఇప్పటికీ రాత్రిళ్లు ఎవరో ఒకరికి నేర్పుతూనే ఉంటాడట... హాస్టల్ నడిపే పెద్దావిడ చెప్పింది. చెప్పి, అటువైపు కిటికీ మూసింది.

నేను నవ్వాను. భయం ఏలేవాడి పనిముట్టు, ప్రశ్న మనిషి ఆయుధం అన్నాను.

“కామ్రేడ్ మొదలెట్టాడు,” అంది అక్క.

ఆ ప్రయాణం నిజానికి అక్కదీ నాదీ. ఏడాదిగా అనుకున్నది. కొత్తగా రిటైరైన అమ్మానాన్నా “మేమూ వస్తాం” అంటే అక్క నసిగింది. పట్టుబట్టి తెచ్చింది నేను. ఎందుకంటే నాలుగేళ్లుగా మునిసిపాలిటీ కొలనులో ఈత నేర్పుతున్నాను. మూడొందల మందిని నీళ్ల మీద పడుకోబెట్టాను — అమ్మను తప్ప. అందరూ నడుం కింద అరచెయ్యి పెట్టి నేర్పుతారు. నేను మెడ కింద రెండు వేళ్లు పెడతాను, అంతే. మోయాల్సింది నీళ్లు, మనిషి కాదు. అది నా సొంత పద్ధతి. ఇంట్లో ఎవరికీ చూపించలేదు. మొదట అమ్మకే చూపిద్దామని.

అమ్మ నర్సు. ముప్ఫై ఏళ్లపాటు ఆస్పత్రిలో పుట్టిన ప్రతి బిడ్డకూ నీళ్లు పోసింది గానీ, తను మోకాలి లోతు దాటి ఏనాడూ దిగలేదు.

తీరా వచ్చాక అమ్మ అక్క కొంగు వదల్లేదు. ఆడవాళ్ల గదిలో ఇద్దరిదీ ఒకే దోమతెర. అలల్లో ఇద్దరి చేతులూ ఒకటే ముడి. నేను పిలిస్తే “రేపు” అనేది. అలా ఆరు రేపులు గడిచాయి. మగవాళ్ల గదిలో నాకు దక్కింది నాన్న గురక.

ఏడో రోజు ఒడ్డున నిలదీశాను. మాట తప్పడం ద్రోహమన్నాను. న్యాయం ఇంటి గడపలోనే మొదలవ్వాలన్నాను.

“నీ ఉపన్యాసానికి సముద్రం కూడా వెనక్కి పోయిందిరా,” అంది అక్క.

అమ్మ నవ్వలేదు. “నువ్వు ఈత నేర్పవు నాన్నా... నినాదాలిస్తావు. నాకు అసలే నీళ్లంటే భయం. దానికి తోడు నీ గొంతు.”

ఆ పూట నుంచి వాళ్ల గది వైపు వెళ్లలేదు. తిండి కూడా వేరే వేళల్లో తిన్నాను.

ఆ రాత్రి నాన్న, అమ్మకు తెలియకుండా సిగరెట్టు కాల్చుకుందామని హోటల్ వెనక్కి వెళ్లాడు. ఆయన ముప్ఫై ఏళ్లు రాత్రి బస్సులు నడిపినవాడు. శ్మశానం పక్కన టైరు మార్చినవాడు. ఒంటికాలి చెప్పుతో తిరిగొచ్చాడు.

“చిన్నోడా... నీళ్లు కదులుతున్నాయిరా,” అన్నాడు గుసగుసగా. “ఎవరో ఆడమనిషి... అంకెలు లెక్కపెడుతోంది.”

మర్నాటి రాత్రి నేను వెళ్లాను. నాన్న రానన్నాడు. టార్చి వెలిగించలేదు — దొంగను వెలుతురుతో హెచ్చరించకూడదు కదా.

కప్పల అరుపు... హోటల్ దాటగానే ఆగిపోయింది.

గోడ వారగా నిలబడ్డాను. నీళ్ల మీద ఏదో తెల్లగా... పొడుగ్గా... వెల్లకిలా. చుట్టూ విప్పారిన జుట్టు. సన్నటి గొంతు —

“ఒకటి... రెండు... మూడు...”

గుర్తుపట్టాను. ఆ గొంతు నా జ్వరాలకు గంటలు లెక్కపెట్టింది. అమ్మ. తేలుతోంది. పక్కనే భుజాల దాకా నీళ్లలో ఇంకో ఆకారం... అమ్మ తల కిందికి చాచిన చెయ్యి.

అక్క!

నాకిచ్చిన మాటను నాకు తెలియకుండా చీకట్లో పెట్టి ఇంకొకరికి ఇచ్చేశారు. పిలవలేదు. వెనక్కి వచ్చేశాను. తెల్లవార్లూ పైకప్పు చూస్తూ పడుకున్నాను.

పొద్దున్నే వాళ్ల గుమ్మంలో నిలబడి అక్కను కడిగేశాను. అక్క మంచం మీంచి లేవలేదు. మొహం పీక్కుపోయి ఉంది. నుదుటి మీద తడిగుడ్డ.

“మొన్న రాత్రి నుంచి జ్వరంరా నాకు,” అంది. “రాత్రంతా పెద్దావిడ ఈ కుర్చీలోనే కూర్చుంది. అడుగు.”

పెద్దావిడ తలూపింది.

అమ్మ తడి జుట్టు ఆరబెట్టుకుంటూ నా వైపు వింతగా చూసింది.

“అక్క ఎందుకొస్తుందిరా? కిటికీ తట్టింది నువ్వే కదా... రెండు రాత్రులూ. నువ్వు ముందు నడిచావు, నేను నీ వెనకాలే వచ్చాను. ఒక్క మాట మాట్లాడలేదు నువ్వు. నడుం పట్టుకోలేదు. మెడ కింద రెండు వేళ్లు పెట్టావు, అంతే. అందుకే తేలాను.”

అమ్మ తువ్వాలు దులిపింది.

“అన్నట్టు... వేళ్లు బాగా నానిపోయాయిరా నీవి. కాస్త కొబ్బరినూనె రాసుకో.”

చేతులు వెనక్కి దాచుకున్నాను. పొడిగా ఉన్నాయి.

ఇది జరిగి మూడు నెలలు. అమ్మకు నిజం చెప్పలేదు. “మా చిన్నోడే నేర్పాడు” అని ఎదురింటివాళ్లకూ పక్కింటివాళ్లకూ చెప్పుకుంటోంది. నా కొలనుకు వస్తుంది, తేలుతుంది. నేను నోరు విప్పితే మాత్రం తడబడి నిలబడిపోతుంది. “అప్పట్లా నేర్పరా,” అంటుంది.

నాకు భయం లేదు. ఉన్నది కడుపుమంట. ఒకడు కష్టపడితే ఇంకొకడు పేరు కొట్టెయ్యడాన్ని దోపిడీ అంటారని ఊరంతా అరిచినవాణ్ణి. ఇప్పుడా పేరు నేనే అనుభవిస్తున్నాను.

అందుకే అచ్చులో అడుగుతున్నాను. ఆ కొలనులో ఉన్నవాడా... మనిషివైతే ఉత్తరం రాయి. మా అమ్మ నాకిచ్చిన మాటను నువ్వెందుకు అందుకున్నావు? నా వేళ్లు నీకెవరు చూపించారు? మనిషివి కాకపోతే కిటికీ తట్టు — ఈసారి నాది.

జవాబుకు గడువు ఎవరికైనా ఒకటే. నవంబరు ఇరవై.