అరగంట ఆగిన కాఫీ

"మీకు అమ్మం," అంది రుదైనా, గుమ్మానికి అడ్డంగా నిలబడి. "ఈ ఏటి జమీద్ మొత్తం కరక్ బజారులో నిమ్ర్ షావుకారుకి మాటిచ్చేశాం."

"ఆ నిమ్ర్‌ని నేనే."

ఆమె అతన్ని చెప్పుల నుంచి తలగుడ్డ దాకా ఒకసారి, తలగుడ్డ నుంచి చెప్పుల దాకా ఇంకోసారి చూసింది.

"ఆయన ఈ గుమ్మంలో పట్టాలంటే పక్కకి తిరిగి రావాలి. మీరు తిన్నగా వచ్చారు. ఈ కబుర్లు ఇంకెవరికైనా చెప్పండి."

నిమ్ర్ చాప మీద ఆరబెట్టిన తెల్లటి ఉండల్లోంచి ఒకటి తీసి, గోడ అంచుకేసి కొట్టి పగలగొట్టాడు. మధ్యలో బొటనవేలి గోరు గుచ్చి చూశాడు.

"లోపల తడి ఉంది. ఇంకో నాలుగు రోజులు ఎండాలి. తడి సరుకు తూకానికి బాగానే ఉంటుంది, మూడో నెలలో బూజు పడుతుంది."

రుదైనా చెయ్యి గుమ్మం మీంచి జారింది. జమీద్‌ని అలా గోరుతో పలకరించే మనిషి ఆ చుట్టుపక్కల ఒక్కడే.

"అయ్యో, మీరే! మరి మిగతా మనిషేడి?"

"అమ్మాన్ ఆస్పత్రిలో వదిలేసి వచ్చాను."

"ఊరికే వదిలేశారా, బేరమాడారా?"

నిమ్ర్‌కి నవ్వు ఆగలేదు. నవ్వితే పొట్ట మీద కుట్లు పడిన చోట ఇంకా కాస్త లాగుతోంది. అయినా నవ్వాడు.

జమీద్ అంటే గొర్రెపాల మజ్జిగని వడగట్టి, ఉప్పేసి, పిడికెడు ఉండలుగా ఎండబెట్టిన సరుకు. అది లేనిదే కరక్‌లో పెళ్ళి లేదు, పరామర్శ లేదు. మాంసం దాని పులుసులో ఉడకాలి, అన్నం మీదికి ఎక్కాలి, మన్సఫ్ పళ్ళెం చుట్టూ పది చేతులు చేరాలి. పన్నెండేళ్ళుగా ఆ సరుకు అమ్ముతున్న నిమ్ర్ అమ్మినదానికి ఏమాత్రం తగ్గకుండా తిన్నాడు. ముప్ఫై రెండో ఏట నూట యాభై రెండు కిలోలు తూగాడు. మెట్లెక్కితే ఆయాసం, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు. ఇలాగే ఉంటే ఏం పోతుంది, కోయించుకుంటే ఏం పోతుంది అని బేరీజు వేసుకుని, కిందటి చలికాలం ముందు అమ్మాన్ వెళ్ళి ఆపరేషన్ చేయించుకున్నాడు. డాక్టర్లు అతని జీర్ణకోశాన్ని అరటిపండంత మిగిల్చి పంపారు.

ఆ అరటిపండుకి షరతులు చాలా ఉన్నాయి. నీళ్ళు గటగటా తాగడానికి లేదు. గుటక గుటకగా, పొద్దుటి నుంచి పడుకునేదాకా లీటరున్నరకి తగ్గకుండా తాగాలి. అన్నంతో పాటు నీళ్ళు పనికిరావు. తిన్నాక అరగంట దాకా ఏదీ తాగకూడదు. తాగితే నొప్పి, వెంటనే వాంతి. అందుకే నిమ్ర్ నడుముకి ఇప్పుడొక నీళ్ళ సీసా వేలాడుతోంది.

"అది కత్తి పెట్టుకునే చోటు కదా షావుకారూ?" అని రుదైనా ఆ రోజే ఎగతాళి చేసింది.

నిమ్ర్ మనుషుల్నీ సరుకులాగే చూసేవాడు. ఏది నిలుస్తుంది, ఏది వానకి కరుగుతుంది అని. నాలుగు వసంతాలుగా రుదైనాని చూస్తున్నాడు. ఆమె తండ్రి అబూ ఖల్దూన్‌కి మూడొందల గొర్రెలుంటే, వాటి పాలు ఏ రోజు ఎంత చిక్కగా ఉన్నాయో ఆ ఇంట్లో చెప్పగలిగేది ఆమె ఒక్కతే. ఒక ఏడు అకాలపు వానకి కాస్త సరుకు నెమ్మెక్కింది. ఆమె చెప్పకపోతే నిమ్ర్‌కి తెలిసేదే కాదు. తనే విడిగా తీసిపెట్టి, "ఇది మీ గిరాకీలకి వద్దు, మేమే తినేస్తాం," అంది. వాన చినుకులు ఆమె కనురెప్పల మీద నిలిచి ఉన్నాయి, చూపు మాత్రం సరుకు మీదే. ఆ రోజే నిమ్ర్ మనసులో తక్కెడ ముల్లు ఒకవైపుకి ఒరిగిపోయింది. మళ్ళీ లేవలేదు.

అడగడానికి మాత్రం ధైర్యం లేకపోయింది. ఆపరేషన్ తరవాత ఒక నిర్ణయానికొచ్చాడు. తొంభై కిలోలకి దిగిన రోజున పెద్దల్ని వెంటబెట్టుకుని ఆ ఇంటికి వెళ్ళాలి. సగం తయారైన సరుకుని ఎవరి ముందూ పెట్టకూడదని అతని పట్టుదల.

ఏప్రిల్ దాకా తూకం ముల్లు చక్కగా దిగింది. నూట పన్నెండు దగ్గర ఆగిపోయింది. ఒక వారం, రెండు వారాలు, మూడు వారాలు. కదల్లేదు.

అప్పుడు నిమ్ర్ బుర్ర వ్యాపారంలోకి దిగింది. సరుకులో తడి తగ్గితే తూకం తగ్గుతుంది. ఇంత చిన్న సంగతి డాక్టర్లకి తెలియదా? లీటరున్నరని అర లీటరు చేశాడు. నాలుగో రోజుకి నూట పది. తన తెలివికి తనే మురిసిపోయాడు.

ఆరో రోజున అబూ ఖల్దూన్ ఇంటి ముంగిట్లో, మిట్టమధ్యాహ్నం, బస్తా ఎత్తబోయి రెండు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. తెల్లటి జమీద్ ఉండలన్నీ కళ్ళ ముందు గిర్రున తిరిగాయి.

"అమ్మా, నీళ్ళు!" అని కేకేసింది రుదైనా.

వాళ్ళమ్మ ఉమ్మ్ ఖల్దూన్ చెంబుతో పరిగెత్తుకొచ్చింది. నిమ్ర్ చెంబు లాక్కుని ఎత్తబోతే రుదైనా పట్టుకుని ఆపింది.

"గటగటా కాదు. చెంచా తే అమ్మా."

చెంచాతో ఇచ్చింది. ఒక చెంచా, కాసేపు ఆగడం. ఇంకో చెంచా, మళ్ళీ ఆగడం.

"పుట్టిన గొర్రెపిల్ల నీరసపడితే ఇంతే," అంది. "ఒక్కసారిగా పోస్తే చచ్చిపోతుంది. మెల్లగా పోస్తే లేచి నిలబడుతుంది."

"నన్ను గొర్రెపిల్లని చేశారన్నమాట."

"గొర్రెపిల్లయితే చెప్పిన మాట వింటుంది. ఇవాళ ఎన్ని నీళ్ళు తాగారు?"

నిమ్ర్ సరుకు గురించి ఎప్పుడూ అబద్ధమాడలేదు. నిజమే చెప్పాడు. ఎందుకు తగ్గించాడో కూడా చెప్పాడు. తొంభై కిలోల సంగతి మాత్రం మింగేశాడు.

రుదైనా చాప మీంచి ఒక ఎండిన ఉండ తీసి అతని అరచేతిలో పెట్టింది.

"ఇది పచ్చిగా ఉన్నప్పుడు దీనికి రెండింతలుండేది. ఇప్పుడు సన్నబడిందా?"

"ఎండింది."

"మరి మీరూ అంతే. మీరు సన్నబడట్లేదు షావుకారూ, ఎండుతున్నారు. కొవ్వు పోవడం వేరు, తడి పోవడం వేరు. తడి సరుకు తూకం మోసమని నాలుగేళ్ళుగా నాకు పాఠాలు చెప్పిన మనిషి, తన తూకాన్ని తనే మోసం చేసుకుంటాడా?"

కరక్ బజారులో పాతిక దుకాణాలున్నాయి. నిమ్ర్ సరుకుతో నిమ్ర్‌నే ఓడించినవాడు వాటిలో ఒక్కడూ లేడు. కళ్ళు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి కానీ, ఈ మనిషిని వదులుకుంటే తనంత తెలివితక్కువ వ్యాపారి ఇంకొకడు ఉండడని మాత్రం స్పష్టంగా తెలిసింది.

"డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి," అంది ఆమె. "ఇప్పుడే. నా ఎదురుగా."

డాక్టరూ అదే చెప్పాడు, ఇంకాస్త గట్టిగా అరిచి. ఆ సాయంత్రమే నిమ్ర్‌కి రెండు సీసాల సెలైన్ ఎక్కించారు.

మర్నాడు పొద్దున్నే ఉమ్మ్ ఖల్దూన్ ఫోన్ నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది.

"నాయనా నిమ్ర్, నేను ఉమ్మ్ ఖల్దూన్‌ని. నీళ్ళు తాగావా అని అడుగుతున్నా. నేనే అడుగుతున్నా, ఇంకెవరూ కాదు."

వెనకాల నుంచి సన్నగా, "ఎన్ని గుటకలో అడుగమ్మా!" అని వినిపించింది.

"పది," అని జవాబిచ్చాడు నిమ్ర్.

కాసేపటికి మళ్ళీ మెసేజ్. "పది ఏ మూలకని అంటోంది... అదే, అంటున్నాను. ఇంట్లో పుదీనా కోశాం. పంపిస్తా, నీళ్ళలో వేసుకో."

అలా మొదలైంది. రోజుకి నాలుగుసార్లు ఉమ్మ్ ఖల్దూన్ పేరు మీద ప్రశ్న రావడం, నిమ్ర్ జవాబు చెప్పడం. గిరాకీ లోపలికొస్తే ఒక గుటక, బయటికెళ్తే ఒక గుటక. బేరం తెగకపోతే రెండు. పక్క దుకాణంవాడు, "ఈ మనిషి నీళ్ళ సీసాని చూసి నవ్వుకుంటున్నాడురోయ్," అని బజారంతా చెప్పాడు. ముల్లు ముందు నూట పదమూడుకి ఎక్కింది. నిమ్ర్ గుండె జారింది.

"తడి తిరిగొచ్చింది," అంది రుదైనా మర్నాడు ముంగిట్లో, ఎదురుగానే. "ఇక నిజంగా తగ్గుతారు చూడండి."

తగ్గాడు. మే నెలాఖరుకి నూట ఏడు. జూన్ మధ్యకి నూట నాలుగు. అతని ముఖంలో కళ వచ్చింది, అడుగులో తేలిక వచ్చింది. ఒకరోజు ముంగిట్లో గోడ మీద కూర్చుని, అరగంట నడిచొచ్చానని అతను చెబుతుంటే రుదైనా అతని వంక ఒక చూపు చూసింది. ఎంతమంది మెచ్చుకున్నా రానంత గర్వం నిమ్ర్‌కి ఆ ఒక్క చూపుతో వచ్చింది.

ఆ వారమే ఆఖరి సరుకు తెచ్చుకోవడానికి వెళ్ళాడు. గుమ్మంలో ఉమ్మ్ ఖల్దూన్ ఎదురొచ్చి, ఉడికించిన గుడ్డు చేతిలో పెట్టి, గొంతు తగ్గించి చెప్పింది.

"రుదైనా బాబాయిలిద్దరూ లోపల ఉన్నారు నాయనా. తఫీలా ఊరి వాళ్ళెవరో పిల్లని అడుగుతున్నారట. గురువారం వస్తారట. నువ్వు గుడ్డు తిను, ముఖం చూడు ఎలా అయిపోయిందో."

నిమ్ర్ గుడ్డు తిన్నాడు. తింటున్నట్టు తెలియకుండానే మొత్తం తినేశాడు. తొంభైకి ఇంకా పధ్నాలుగు కిలోలు. గురువారానికి మూడు రోజులు. ఏ లెక్కన చూసినా కుదరదు.

లోపల అబూ ఖల్దూన్, ఇద్దరు తమ్ముళ్ళు పరుపుల మీద కూర్చుని ఉన్నారు. నిమ్ర్ సలాం చెప్పి కూర్చున్నాడు. అబూ ఖల్దూన్ లేచి, చేదు కాఫీ చిన్న కప్పులో పోసి చేతికిచ్చాడు. నిమ్ర్ పెదవుల దాకా తీసుకెళ్ళాడు. అప్పుడు గుర్తొచ్చింది గుడ్డు. తిని పది నిమిషాలైనా కాలేదు. ఇప్పుడు తాగితే ఈ తివాచీ మీదే అవమానం. కప్పుని మెల్లగా ముందు నేల మీద పెట్టాడు.

ముగ్గురి చూపులూ ఆ కప్పు మీద పడ్డాయి.

కరక్‌లో చిన్నపిల్లాడికైనా తెలుసు. వచ్చిన మనిషి కాఫీ తాగకుండా ముందు పెట్టాడంటే, ఏదో కోరడానికి వచ్చాడని. కోరిక తీరుస్తామన్న మాట వినేదాకా కప్పు ముట్టడు. ఇంట్లో పెళ్ళికాని పిల్ల ఉంటే ఆ కోరిక ఏమిటో అడగక్కర్లేదు. నిమ్ర్‌కీ తెలుసు. ఒక్క క్షణం ఆలస్యంగా గుర్తొచ్చింది.

"పెద్దలు లేకుండా, ఒక్కడే వచ్చాడు," అన్నాడు పెద్ద బాబాయి మీసం దువ్వుతూ. "మేకులు కొనడానికొచ్చినట్టు."

"ఆగు," అన్నాడు అబూ ఖల్దూన్. నిమ్ర్ వైపు తిరిగాడు. "నీకేం కావాలో అడుగు నాయనా."

తలుపు తెర కదిలింది. తెర వెనక రుదైనా నిలబడి ఉందని ఆ గదిలో అందరికీ తెలుసు. ఏమీ లేదు, పొట్ట సంగతి అంతే అని చెబితే, బాబాయిల ముందు ఆ పిల్ల తల దించుకోవాలి. అవును అని ఊరుకుంటే, అవతలివాడి పొరపాటు వల్ల దొరికిన సరుకుని సంచిలో వేసుకున్నట్టే. నిమ్ర్ పన్నెండేళ్ళలో అలాంటి పని ఒక్కసారీ చెయ్యలేదు.

"అబూ ఖల్దూన్, రెండు నిజాలు చెబుతాను," అన్నాడు. "కప్పు కింద పెట్టింది పొట్ట వల్ల. ఇప్పుడే గుడ్డు తిన్నాను, అరగంట దాకా ఏదీ తాగలేను. ఇది ఒక నిజం. రెండోది, మీరు అడిగారు కాబట్టి దాచను. నాకు కోరిక ఉంది. నాలుగేళ్ళుగా ఉంది. తొంభై కిలోలకి వచ్చాక పెద్దలతో వద్దామనుకున్నాను. కప్పు పొరపాటుని పట్టుకుని నాకు మాటివ్వకండి. ముందు రుదైనాని అడగండి."

అబూ ఖల్దూన్ తెర వైపు తిరిగాడు.

"విన్నావుగా తల్లీ."

తెర పక్కకి జరిగింది. రుదైనా బుగ్గలు ఎర్రబడి ఉన్నాయి, గొంతు మాత్రం బేరం మాట్లాడేటప్పటి గొంతే.

"తఫీలా అబ్బాయి బరువెంతో ఎవరైనా అడిగారా నాన్నా?"

"లేదు."

"మరి ఈయన్ని తొంభై ఎవరడిగారు? నేనడిగానా?"

నిమ్ర్ తల అడ్డంగా ఊపాడు.

"ఆకలేసినా పిడికెడు దగ్గర ఆగే మనిషిని చూశాను," అంది రుదైనా, తండ్రితోనే. "రోజుకి వంద గుటకలు, ఒక్కటీ ఎగ్గొట్టకుండా. ఒకసారి తప్పు చేశాడు, చెబితే దిద్దుకున్నాడు. అలా దిద్దుకునేవాళ్ళు నాకు ఇంకెవరూ కనబడలేదు. ఇవాళ ఎంత తూగితే అంతకే నాకు ఇష్టం. రేపు పెరిగితే మాత్రం ఊరుకోను."

ఉమ్మ్ ఖల్దూన్ వంటింట్లోంచి, "ఆ మెసేజ్‌లన్నీ ఇదే పెట్టమంది!" అని అరిచింది.

పెద్ద బాబాయి ముందుగా నవ్వాడు. తరవాత అబూ ఖల్దూన్. నవ్వి, ముఖం గంభీరంగా చేసుకుని అన్నాడు.

"తఫీలా వాళ్ళకి ఇవాళే కబురు పంపుతాను. గురువారం నీ పెద్దలు రావాలి. మా ఇంటి మర్యాద మాకుంది. ఇక నీ కాఫీ తాగు నాయనా, నీ కోరిక తీరింది."

నిమ్ర్ కప్పు వంక చూశాడు. రుదైనా వంక చూశాడు.

"ఇంకెన్ని నిమిషాలు?" అంది ఆమె.

"పదిహేడు."

"అయితే ఆగండి," అంది. "అందరూ."

చల్లారిన కాఫీ పారబోసి, అబూ ఖల్దూన్ కొత్త కాఫీ కుంపటి మీద పెట్టాడు. పెద్ద బాబాయి వాచీ విప్పి తివాచీ మీద పెట్టాడు. చిన్న బాబాయి గొర్రెల రోగాల గురించి ఏదో మొదలుపెట్టాడు, ఎవరూ వినలేదు. అమ్మాయి కోసం మనుషులు ఏళ్ళు ఆగిన సంగతి విన్నారు కానీ, గుడ్డు అరగడం కోసం ఒక సంబంధం ఆగడం ఆ ఇంట్లో అదే మొదటిసారి.

"అయింది!" అన్నాడు పెద్ద బాబాయి.

నిమ్ర్ వేడి కప్పు అందుకున్నాడు. కాస్తంత నోట్లోకి తీసుకున్నాడు. మింగకుండా, డాక్టర్ నేర్పినట్టు, ఒక్క క్షణం అలా ఉంచాడు. గది మొత్తం అతని గొంతు వంక వంగింది.

"మింగావా?" అన్నాడు అబూ ఖల్దూన్.

నిమ్ర్ తలూపాడు. ఉమ్మ్ ఖల్దూన్ ఆపుకోలేక నాలుక ఆడిస్తూ మంగళధ్వని ఎత్తుకుంది. పక్కింటి నుంచి ఇంకెవరో అందుకున్నారు. ఆ గోలలో రుదైనా గొంతు ఒక్కటే నిమ్ర్‌కి వినిపించింది.

"ఇంకొకటి. మెల్లగా. తొందరేం లేదు."