మూడో స్వరం

ఇమ్మానుయేల్‌ను చంపింది పన్నెండు స్వరాల ట్యూన్.

తుపాకీ పేల్చినవాడు వేరే ఉన్నాడు. కానీ ఆ తుపాకీకి పలమనేరులో ఏ సందులో, ఏ ఇంట్లో దూరాలో చెప్పింది అరచేతిలో ఇమిడే ఒక హామ్ రేడియో. స్విచ్ తిప్పగానే అది మోగించే స్టార్టప్ మెలొడీ. అదే దాడిలో ఇమ్మానుయేల్ పక్కనున్న ఏజెంట్ రూపశ్రీ వెన్నులో బుల్లెట్ దిగింది. ఆమె బతికింది. బతికిన సంగతి శత్రువుకు తెలిసిపోయింది.

"రెండో ట్యూన్ తయారయింది," అన్నాడు చీఫ్ సుబ్రమణ్యం.

శ్రీకాళహస్తిలో కలంకారీ బట్టలు అద్దే షెడ్డు వెనక గది అది. ఏజెంట్ ధనశేఖర్ ముందున్న ల్యాప్‌టాప్‌లో పన్నెండు గళ్లు, గడికో అంకె.

"హామ్ రేడియో పెట్టుకున్నోళ్లు ఈ గళ్లలో అంకెలు కొట్టి ఇష్టమైన ట్యూన్ చేసుకుంటారు. ఒకటంటే కింది స్వరం, తొమ్మిదంటే పైది, సున్నా అంటే మౌనం. మనోళ్లు భక్తిపాటలు పెట్టుకుంటారు. వీళ్లు అక్షాంశం, రేఖాంశం పెడతారు. విను ధనా."

కూత వచ్చింది. రెండు స్వరాలు మెట్లెక్కినట్టు ఎక్కాయి. మూడోది ఒక్కసారిగా పైకి ఎగిరింది. తర్వాత అంతా గందరగోళం.

"యాడిది సార్ ఇది?"

"మనం కూర్చున్న కాడికి నాలుగు కిలోమీటర్లు. రూపశ్రీ ఉండే నర్సింగ్ హోమ్."

"ఆమెను మార్చేద్దాం."

"పది దినాలు కదిలిస్తే బతకదంట."

"గార్డులను పెంచుదాం."

"ఆ చిరునామా అమ్మింది మనోడే, ధనా. ఎవురో తెలీదు. ఎవురిని పెంచుతావు?"

ధనశేఖర్ ల్యాప్‌టాప్ మూసేశాడు. రూపశ్రీకి ట్రైనింగ్ ఇచ్చింది అతనే. స్పృహ వచ్చినప్పుడు ఆమె అడిగిన మొదటి మాట, "అన్నా, ఈడైనా సేఫేనా?" అని. సేఫేనన్నాడు.

మరునాటి ఉదయం తిరుపతిలో, రేడియోలు ప్రోగ్రామ్ చేసే చిన్న షాపు ముందు ఆగాడు.

"రేడియోకి జలుబు చేసింది."

"ఆవిరి పట్టినావా?" కౌంటర్ వెనక నుంచి లోహిత కోడ్ పూర్తి చేసింది. పట్టుచీర, జడలో మూర కనకాంబరాలు, నల్ల కళ్లద్దాలు. శత్రువు జీతం మీద ట్యూన్లు కొడుతుంది. కొట్టిన ప్రతి ట్యూనూ సుబ్రమణ్యానికి కాపీ పంపుతుంది. ధనశేఖర్ ఆమెను ఏ రోజూ నమ్మలేదు.

"నీకేం ట్యూన్ పెట్టాల సారూ? కోడిపుంజు మాదిరి పెట్టేదా?"

"నువ్వు ఎవురి మనిషివో చెప్పే ట్యూన్ ఉంటే పెట్టు."

"అది రెండు గొంతులతో మోగాల. ఈ రేడియోకి ఒక్క గొంతే ఉండాది."

ఆమె ఒక హ్యాండ్‌సెట్ బల్ల మీదికి తోసింది. అందులో ఉన్నది దొంగ ట్యూన్. అది పట్టుకుని వెళ్తే పాడుబడ్డ కంకర క్వారీ వస్తుంది. అసలు సెట్ శత్రువు కొరియర్ దగ్గరికి ఇప్పటికే చేరింది. పదిన్నరకు ఆ కొరియర్ అలిపిరి తనిఖీ గేటు దాటుతాడు. స్కానర్ దగ్గర ధనశేఖర్ ఆ సెట్ తీసేసి దీన్ని పెట్టాలి.

"మారిస్తే మంచిదే. మారకపోయినా దిగులుపడొద్దు," అంది లోహిత.

"అంటే?"

"పోయిరా సారూ. మధ్యాన్నానికి కరెంటు పోతాది, నాకు పనుండాది."

పదీ ఇరవై ఎనిమిదికి కొరియర్ వచ్చాడు. పసుపు పంచె, నుదుట నామం, విదేశీ పాస్‌పోర్టు. చెకర్ యూనిఫాంలో ఉన్న ధనశేఖర్ బ్యాగు విప్పించాడు. లోపల ఒకటి కాదు, ఒకేలాంటి హ్యాండ్‌సెట్లు రెండు.

ఏది మార్చాలి? వెనక జనం తోసుకుంటున్నారు.

"ఆన్ చేసి చూపించండి స్వామీ. రెండూ."

మొదటిది ఉత్తి బీప్ కొట్టింది. రెండోది పన్నెండు స్వరాలూ గట్టిగా పాడింది.

కొరియర్ నవ్వాడు. ఆ నవ్వు చూశాక ధనశేఖర్‌కు అర్థమైంది. నెల రోజులుగా వీడి వెంట నీడలా మనవాళ్లున్నారు. వీడు ఎవరినీ కలవలేడు, ఎవరికీ ఫోన్ చేయలేడు, ఏదీ చేతికివ్వలేడు. అందుకే ట్యూన్‌ను నడి క్యూలో మోగించాలి. అదీ ప్రభుత్వ మనిషి అడిగితే మోగించాలి. అడిగింది తనే.

క్యూలో మూడు వరసల వెనక, నీలం చొక్కా మనిషి ఫోన్ కిందికి దించి, వెనక్కి తిరిగి జనంలోకి జారుకున్నాడు. ధనశేఖర్ బల్ల మీదుగా దూకి పరిగెత్తాడు. గేటు బయట కొబ్బరికాయల బండ్లు, ఆటోలు, నీలం చొక్కాలు వంద. ఆరు సెకన్ల ఆడియో క్లిప్ ఏదో వాట్సాప్ గ్రూపులోకి వెళ్లిపోయి ఉంటుంది. పొద్దున్నే పాటలు పంపుకునే జిల్లాలో దాన్ని పట్టేదెవరు? కిరాయి తుపాకులు ఎక్కడ కాచుకుని ఉన్నాయో ఎవరికీ తెలియదు.

కొరియర్‌ను మనవాళ్లు పట్టుకున్నారు. పట్టుకుని ఏం లాభం?

ధనశేఖర్ జీపులో కూలబడ్డాడు. శ్రీకాళహస్తికి ఫోన్ చేయబోయి ఆగాడు. చెవిలో ట్యూన్ ఇంకా మోగుతూనే ఉంది. మెట్టు, మెట్టు, ఆ తర్వాత...

మూడో స్వరం పైకి ఎగరలేదు. కిందికి దిగింది.

కొరియర్ నుంచి లాక్కున్న హ్యాండ్‌సెట్‌కు కేబుల్ తగిలించి ల్యాప్‌టాప్‌లో చదివాడు. పన్నెండు అంకెలు మ్యాప్‌లో కొట్టాడు. శ్రీకాళహస్తి రాలేదు. చిత్తూరు వచ్చింది. గుర్తు వెళ్లి ఆగిన ఇల్లు అతనికి తెలుసు. అనుమానం కొద్దీ తనే రెండు వారాలు కాపు కాసిన ఇల్లు. లోహితది.

జీపు కదిలిస్తూ ఫోన్ చేశాడు.

"యాడుండావు?"

"ఇంట్లో. షాపు మూసేసి వచ్చినా. విన్నావా ట్యూన్? నీ చెవి మంచిదే."

"నువ్వు చేసిందేంటి లోహితా? ఏదన్నా ఖాళీ జాగా పెట్టొచ్చు కదా."

"ఖాళీ జాగా సూస్తే మోసమని తెలుస్తాది. చిరునామా అమ్మిన మీవోడి కాడికే పోయి మళ్లా కొంటారు. ఆ ఇంట్లో ఆడమనిషి ఉండాల, వీపుకు కట్టు ఉండాల, నేను కట్టుకున్నా. అప్పుడే పని అయిపోయిందనుకుంటారు. వచ్చేవోళ్లు హోసూరు కిరాయోళ్లు. ఆయమ్మనూ సూడలా, నన్నూ సూడలా."

"పోలీసుల్ని పంపిస్తా."

"పంపు. అప్పుడు రూపశ్రీ యాడుందో వాళ్లు కొత్తగా వెతుకుతారు. పది దినాలు కావాల కదా ఆయమ్మకి?"

ధనశేఖర్ యాక్సిలరేటర్ అదిమాడు. చంద్రగిరి కోట కుడివైపు వెనక్కి పోయింది. ఇంకా యాభై కిలోమీటర్ల పైనే ఉంది.

"ఎందుకమ్మా ఇదంతా?" మొదటిసారి ఆమెను అమ్మా అన్నాడు.

"పలమనేరు ట్యూన్ కొట్టింది నేనే సారూ. కాపీ మీకు పంపేది ఒక పూట ఆలస్యం చేసినా. ఎవురిదో పెండ్లికి పోయుంటి. ఆ ఇమ్మానుయేల్‌కు బిడ్డలుండారా?"

"ఇద్దరు."

"అట్లనా." ఆమె వెనక కాలింగ్ బెల్ మోగింది. "వచ్చినారు. నువ్వు బండి మెల్లగా తోలు. లోపలెవురున్నారో అడిగితే రూపశ్రీ అని చెప్పల్ల కదా, పేరు సరిగ్గా పలకాల."

లైన్ తెగిపోయింది. మళ్లీ చేశాడు. మళ్లీ మళ్లీ చేశాడు. పాకాల దాకా మోగుతూనే ఉంది, ఆ తర్వాత మోగడం మానేసింది.

సాయంత్రం సుబ్రమణ్యం రిపోర్టు టైపు చేశాడు. రూపశ్రీ చనిపోయిందన్న వార్త శత్రువు నమ్మాడు, వేట ఆపాడు. నర్సింగ్ హోమ్‌లో ఆమె ఆ పూట నాలుగు చెంచాల గంజి తాగింది. చిరునామాలు అమ్మేవాడు ఎవరో ఇంకా తేలలేదు. బహుశా ఏ కాపీ అయినా వాడి టేబుల్ మీదికే వెళ్తుంది, కాబట్టి ఈ రిపోర్టు చీఫ్ బీరువా దాటదు.

"మన వైపు ప్రాణనష్టం?" టైపు చేస్తూ అడిగాడు చీఫ్.

ధనశేఖర్ లోహిత నంబరు మళ్లీ నొక్కాడు.

సుబ్రమణ్యం "లేదు" అని కొట్టాడు. ఆ రాత్రి సరిహద్దు అవతలి ఆఫీసులో కూడా ఎవరో అదే గడిలో అదే మాట కొట్టి ఉంటారు. రెండు దేశాలకు పనిచేసిన మనిషి పోతే రెండు దేశాలకూ నష్టం ఉండదు.