గడియల్లేని ఇల్లు

అమ్మమ్మ వచ్చి నాలుగు రోజులే అయింది. అప్పుడే ఆ ఇంట్లో గిన్నెల చోట్లు మారిపోయాయి, కర్టెన్లు ఉతుకుడులో పడ్డాయి. ముప్పై ఏళ్ళు హెడ్‌మిస్ట్రెస్‌గా చేసినావిడ మరి, ఖాళీగా కూర్చోమంటే కాలూ చెయ్యీ ఆడవు. ఒక్క సంగతి మాత్రం ఆవిడకు మింగుడుపడలేదు. ఇంట్లో ఏ తలుపుకీ గడియ లేదు. ఏడు నెలల కిందట మనవరాలు ట్యూషన్‌కి వెళ్ళే ఇంట్లో మంటలు లేచాయి. గడియ బిగుసుకుపోయి తలుపు తెరుచుకోలేదు. పిల్ల బతికి బయటపడింది గానీ, స్నేహితురాళ్ళిద్దరు ఆమె కళ్ళముందే పోయారు. వడ్రంగి అయిన అల్లుడు ఆ వారంలోనే ఇంట్లో గడియలన్నీ ఊడదీశాడు.

ఆ ఉదయం స్నానానికి వెళ్ళిన అమ్మమ్మ, సిగ్గు చంపుకోలేక తలుపు మూసి నీళ్ళ బకెట్ అడ్డం పెట్టింది. రెండు చెంబులు పోసుకుందో లేదో, బయట కేకలు. గబగబా చీర చుట్టుకుని తలుపు తీసేసరికి తొమ్మిదేళ్ళ పిల్ల రెండు చేతులా తలుపు బాదుతూ ఉంది. వేళ్ళ కణుపుల మీద నెత్తురు.

అల్లుడు అప్పటికే పనిలోకి వెళ్ళిపోయాడు. కూతురే పిల్లను ఎత్తుకుని, గంటసేపు వీపు నిమిరి పడుకోబెట్టి, వంటింట్లోకి వచ్చింది.

"తలుపు వెయ్యొద్దని చెప్పాను కదమ్మా!"

"తప్పేనే తల్లీ. కానీ ఎన్నాళ్ళిలా? దానికి ధైర్యం చెప్పాల్సిందానివి, నువ్వే ఇలా డీలా పడిపోతే ఎలా?"

"డీలా పడటానికి నాకు తీరికెక్కడుంది? ఫోన్ చేసిన ప్రతివాళ్ళూ పాపెలా ఉందనే అడుగుతారు. నువ్వూ అంతే. నేనెలా ఉన్నానో ఒక్కరైనా అడిగారా?" కూతురు తల్లి వైపు తిరిగింది. "ఆ రోజు అది కడుపునొప్పి, ట్యూషన్‌కి వెళ్ళనంది అమ్మా. వేషాలెయ్యకని రెక్క పట్టుకుని నేనే దిగబెట్టి వచ్చాను."

నీ తప్పేం లేదని అమ్మమ్మ అనొచ్చు. కూతురు నమ్మదు.

"నేనైనా పంపించేదాన్నే," అంది చివరికి. "నీ చిన్నప్పుడు ఎన్నిసార్లు నిన్ను అలా బడికి ఈడ్చుకెళ్ళలేదూ!"

కూతురు నేల మీదే కూలబడింది. పక్కన కూర్చున్న తల్లి ఒళ్ళో తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. మనవరాలి కోసమని వచ్చింది గానీ, తన బిడ్డ ఇంతగా నలిగిపోతోందని అమ్మమ్మకు ఇప్పటిదాకా తోచనేలేదు. అందుకు ఆవిడకు తన మీద తనకే అసహ్యం వేసింది.

అంతా సర్దుకుంటుందిలే అని చెప్పబోయింది. అంతలో లోపలి గదిలోంచి పిల్ల నిద్రలోనే ఆ చనిపోయిన ఇద్దరినీ పేరుపేరునా పిలవడం వినిపించింది.

కూతురు కళ్ళు తుడుచుకుని లేవబోయింది. అమ్మమ్మ భుజం పట్టి ఆపింది.

"దాన్ని నేను చూస్తాను. నువ్వు ఏడువమ్మా."