కొరికాంచాకు అడ్డం వచ్చిన పడుగు

కర్నూలుకు రాజధాని అయ్యే భాగ్యం దక్కిన కొత్తలో ప్రభుత్వం చాలా మటుకు గుడారాల్లో కాపురముండేది. అందువల్ల దేశభద్రతకు సంబంధించిన పరమ రహస్యాలను సైతం కాన్వాసు గోడల మధ్యనే చర్చించవలసి వచ్చేది. పక్క గుడారంలో గుమాస్తా దగ్గు ఆగిందంటే వింటున్నాడని అర్థం. అప్పుడు గూఢచారి శాఖ చీఫ్ కూడా ఆగేవాడు.

"కాండోర్ ముఠా," అన్నాడు చీఫ్, దగ్గు మొదలయ్యాక. "పేరు పక్షిది. పని నిప్పుది."

"టార్గెట్?" అన్నాడు ఏజెంట్ ఈరన్న.

"పత్తి. ఇక్కడ పత్తి కాలితే అక్కడ పత్తి ధర పెరుగుతుంది. ఇప్పటికి రెండు ఊళ్లలో ప్రెస్సింగ్ మిల్లులు బూడిదయ్యాయి. రెంటికీ అంతకుముందు సాయంత్రం దగ్గరి ఊళ్లో ఒకే ప్రదర్శన జరిగింది."

ఆ ప్రదర్శన పేరు కుస్కో నగర దర్శనం. పెరూ దేశంలో, ఆండీస్ పర్వతాల నడుమ వెలసిన ప్రాచీన నగరపు వింతలను డాక్టర్ ఫాల్క్ అనే విదేశీ పత్తి నిపుణుడు మేజిక్ లాంతరుతో ఊరూరా ఉచితంగా చూపిస్తున్నాడు. బొమ్మలకు వ్యాఖ్యానం చెప్పేది కుస్కోలోనే పుట్టిన సెన్యోరీటా కార్మెలా.

"వాళ్లకు దుబాసీ కావాలి. అది నువ్వే. పేరు లోకనాథం, ఊరు మద్రాసు. అవసరమైతే కార్మెలా సాయం చేస్తుంది. ఆమె మన మనిషి కూడా."

"కూడా అంటే?"

"వాళ్ల మనిషి కూడా."

మత్తుసూది విసిరే ఫౌంటెన్ పెన్ను, మడమలో కత్తి దాచిన బూట్లు, ఒక మోటారు సైకిలు స్వీకరించి ఈరన్న ఎమ్మిగనూరు చేరాడు. పుట్టుకతో అతడు సాలెవాడు. తండ్రి మగ్గం గుంతలోంచి పైకి లేచి, ప్రపంచపు గుంతల్లోకి దిగిన విద్యావంతుడు. ఆ సంగతి మాత్రం ఆ ఊళ్లో ఎవరికీ తెలియరాదు.

అతనికి బస సుంకులమ్మ ఇంట్లో కుదిరింది. భర్త పోయిన ఏడాదికి ఆమె మొదటిసారి తన చేత్తో పడుగు, అంటే మగ్గానికెక్కించే నిలువు పోగులు, సిద్ధం చేసుకుంటున్నది. జొన్నరొట్టె మీద పుంటికూర పప్పు వేసి పెడుతూ తన కథంతా చెప్పింది.

"ఆడదానికి మగ్గమెందుకని మా మరిది ఎత్తకపోతానంటాండాడప్పా. పెద్దలు ఒక మాట సెప్పినారు. ఈ పడుగు నేసి సూపిస్తే మగ్గం నాది. లేకుంటే వానిది. నీకీ నూలు పని తెలుసునా?"

"తెలియదమ్మా," అన్నాడు ఈరన్న, నూలును చూసిన మొదటి చూపులోనే దాని నంబరు గుర్తుపట్టి.

"పాపం, పట్నపోనివి. ఇంకో రొట్టె తిను. మా తమ్ముడు బతికుంటే నీ ఈడే."

గూఢచారి శిక్షణలో విషాన్ని రుచి చూసి గుర్తించడం నేర్పారు గాని, అబద్ధపు పేరు మీద తిన్న రొట్టె గొంతులో అడ్డుపడితే ఏం చేయాలో నేర్పలేదు. ఈరన్న నీళ్లు తాగాడు.

సాయంత్రం ఊరంతా తెర ముందు కూర్చుంది. నల్లకళ్లద్దాలు, ఎర్రని గోళ్లు, పరిమళాల పరివారంతో కార్మెలా దయచేసింది. బొమ్మలు వెలిగాయి.

సున్నం చుక్క వాడకుండా ఏనుగులంత రాళ్లను ఒకదానికొకటి పొదిగి కట్టిన సక్సాయ్‌వమాన్ ప్రాకారాలు. అరణ్యం మధ్య, మబ్బుల అంచున దాగిన మాచు పిచ్చు. కొండవాలున తేనెపట్టులా తెల్లగా మెరిసే మారాస్ ఉప్పుమళ్లు. ఈరన్న తన సంస్కృత సమాసాల భాండాగారాన్ని తలుపులు బార్లా తెరిచి అనువదించాడు. జనం మర్యాదగా ఆవలించారు.

చించేరో గ్రామం బొమ్మ పడగానే మాత్రం సభ అంతా ముందుకు జరిగింది. అందులో ఆడవాళ్లు నేలమీద కూర్చుని, పడుగు ఒక కొన గుంజకూ రెండో కొన నడుముకూ కట్టుకుని నేస్తున్నారు.

"గుంత లేదే! కాళ్లు యాడ పెడతారు?" అన్నది దేవక్క, సుంకులమ్మ పక్కింటావిడ.

"నడుముకు కట్టుకుంటే ఇంగ మొగుడు పిలిచినా లేసేది లేదు," అన్నది సుంకులమ్మ. "మంచి ఏర్పాటే!"

సభ గొల్లున నవ్వింది. కార్మెలా దేనికి నవ్వారని అడిగింది. ఈరన్న చెప్పాడు. ఆమె నవ్వలేదు, కళ్లద్దాలు తీసి, తెరనే చూస్తూ ఉండిపోయింది.

చివరి బొమ్మ కొరికాంచా. గోడలకు బంగారు రేకులు తాపిన సూర్యదేవాలయం. పరదేశీయులు బంగారం ఒలుచుకుని దానిమీద చర్చి కట్టారు. మొన్నటి భూకంపానికి చర్చి దెబ్బతిన్నది, కింద పాతగోడ నిలబడింది. ఫాల్క్ తృప్తిగా లాంతరు ఆర్పాడు.

తెల్లవారుతుండగా కార్మెలా పరుగున వచ్చి ఈరన్న కిటికీ తట్టింది.

"చివరి బొమ్మే టార్గెట్. ప్రతి వింతకూ ఒక అర్థముంది. కొరికాంచా అంటే ఆదోని మార్కెట్ యార్డు. బయలుదేరేదాకా ఫాల్క్ నన్ను గదిలో పెట్టి తాళం వేశాడు. జీపు ఇప్పుడే పోయింది. పత్తి శాంపిళ్ల పెట్టెలో నిప్పుమందు ఉంది."

"నిన్ననే ఎందుకు చెప్పలేదు?"

"ఏ ఊరి అర్థం ఆ ఊళ్లో, ప్రదర్శన ముగిశాకే చెబుతారు. మా ఊరి అందాలు ఒక్కొక్కటీ నా నోటితోనే చూపించాను, మిస్టర్ లోకనాథం. చూపించిన ప్రతిసారీ ఎక్కడో ఒక మిల్లు కాలింది. ఇంకొకటి కాలితే నేను కుస్కోకు ముఖం చూపించలేను."

పోస్టాఫీసు తెరవడానికింకా చాలా పొద్దుంది, ఫోను లేదు. ఈరన్న మోటారు సైకిలు మీద దూకి ఆదోని బాట పట్టాడు. ఊరి చివర ఆగిపోయాడు.

వీధి పొడవు చాలక సుంకులమ్మ పడుగు ఆదోని బాటకు అడ్డంగా సాగింది. అప్పుడే గంజి పెట్టి, ఇరుపక్కలా ఆడవాళ్లు నిలబడి కుంచెలతో దువ్వుతున్నారు. పడుగుకు ఆవల రెండు బండ్లు, ఈవల ఒక బస్సు నోరెత్తకుండా ఆగి ఉన్నాయి. ఆ ఊళ్లో రోడ్డుమీద సాగిన పడుగును ఎవరూ దాటరు, తొలగించమని అడగరు.

"దొర జీపు యాడ?" అన్నాడు ఈరన్న.

"మళ్లిపాయ!" అన్నది దేవక్క. "తొక్కించు పోనీ అని దొర ఎగిరినాడు. డ్రైవరు మద్దయ్య తాళంచెవి తీసి జేబులో ఏసుకున్యాడు. పడుగు తొక్కేది నా సేత గాదు దొరా, కావాలంటే దిగి నడువు అన్యాడు. ఇంగ మంత్రాలయం మీంద సుట్టు తిరిగి పోతాండారు."

పొలాలకడ్డంగా పోదామంటే రాత్రి జల్లుకు నల్లరేగడి బంకైంది. మోటారు సైకిలును పడుకోబెట్టి కిందుగా దూర్చడానికి అది మేకపిల్ల కాదు.

"అమ్మా, ఒక్కసారి దించితే..."

"తడి పడుగప్పా! మన్నులో పడితే పోగూ పోగూ కరుసుకుంటాది. ఎండెక్కనీ, ఆరినాంక నేనే ఎత్తి పంపిస్తా," అన్నది సుంకులమ్మ, తమ్ముణ్ణి బుజ్జగించినట్టు.

ఎందుకు తొందరో చెప్పడానికి వీల్లేదు. రహస్యమంటే అదే. ఈరన్న వంగి బూటు మడమలోంచి కత్తి తీశాడు. కళ్లు మూసుకోలేదు, మూసుకునే హక్కు తనకు లేదనిపించింది. పోగులు తెగిన చప్పుడు చాలా చిన్నది. వీధిలో కుంచెలన్నీ ఒకేసారి ఆగిన చప్పుడు పెద్దది.

సుంకులమ్మ తిట్టలేదు. తెగిన కొసలు పిడికిట పట్టుకుని, "ఎందుకప్పా?" అన్నది.

సమాధానానికి బదులు మోటారు సైకిలు అరిచింది.

ఆదోని మార్కెట్ యార్డులో ఆ ఏటి పంటంతా తెల్లటి కొండలై పడి ఉంది. ఈరన్న గేటు దగ్గర నక్కి కూర్చున్నాడు. జీపు రాలేదు. టీ తాగాడు. జీపు రాలేదు. ఎండెక్కింది. పడుగులు ఆరిపోయే ఎండ. ఆ ఎండను చూడలేక ఏజెంట్ ఈరన్న రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. సరిగ్గా అప్పుడే జీపు లోపలికి పోయింది.

తలెత్తేసరికి ఫాల్క్ వట్టి చేతులతో పత్తికుప్పల మధ్యనుంచి తిరిగి వస్తున్నాడు. ఈరన్న పెన్ను గురిపెట్టి నొక్కాడు. సూదికి బదులు సిరా చిమ్మింది. నీలిముఖం తుడుచుకుంటూ పరుగెత్తిన దొర కాలికి ఏసన్న అనే హమాలీ గోనె బోరెం అడ్డం వేసి, పడ్డాక తీరికగా అతని మీద కూర్చున్నాడు. ఈరన్న కుప్పలోకి దూకాడు. చేతికి వెచ్చగా తగిలింది పెట్టె. మూత సందుల్లో పొగ. ఎత్తుకుని పరుగెత్తి ఎద్దుల తొట్టిలో పడేశాడు. నీళ్లలోనే గుప్పున మంట లేచి, బుసకొట్టి, చచ్చింది.

"కండ్లుండాయా లేదా నీకు?" అని అరిచింది పత్తి ఏరే సువార్తమ్మ. "ఎద్దులు తాగే నీళ్లల్ల కుంపటి పోస్తావా?"

పోలీసులు ఫాల్క్‌ను తీసుకుపోయాక ఈరన్న డ్రైవరును అడిగాడు. "ఇంత ఆలస్యమైందేమి?"

"మంత్రాలయం పక్కనుంచి పోతా తుంగబద్రలో మునగకుండా ఎట్ల పోతాం సామీ?" అన్నాడు మద్దయ్య. "దొర గడియారం సూపించి కస్సుమన్యాడు. మునిగినాను, ఆరబెట్టుకున్యాను, మఠంలో రెండు మెతుకులు తిన్యాను. ఎందుకు, నీకేమన్నా తొందరుండెనా?"

తొందర లేకపోయింది. పడుగు ఆరేదాకా ఆగి, సుంకులమ్మ చేత్తో ఎత్తి పంపితే వచ్చినా సరిపోయేది. ముఠావాడి జీతం తిన్నవాడు పడుగును కాపాడాడు. దేశం జీతం తిన్నవాడు కోశాడు. ఈరన్న ఎమ్మిగనూరు తిరిగి వెళ్లాడు. ఆ ప్రయాణంలో మోటారు సైకిలును అంత మెల్లగా ఎవరూ నడిపి ఉండరు.

పడుగును వీధిలో మళ్లీ కర్రలకెక్కించారు. ఆడవాళ్లు పోగుపోగూ అతుకుతున్నారు. వాళ్ల మధ్య ఎర్రగోళ్ల కార్మెలా కూడా కూర్చుని, తమ కొండల ముడి వేయబోయి దేవక్కతో తిట్లు తింటున్నది. అరుగుమీద మరిది కాళ్లూపుకుంటూ చూస్తున్నాడు.

"నా పేరు లోకనాథం కాదు," అన్నాడు ఈరన్న. "ఈరన్న. సాలెవాణ్ణి. తెలిసే కోశాను."

సుంకులమ్మ చేతిలోని ముడి బిగించింది. "తెలియక కోసింటే పొమ్మందును," అన్నది. "తెలిసినోనివి గదా, కూసో. ఆ కొస నుంచి అతుకు."

అతడు కూర్చున్నాడు. తండ్రి నేర్పిన ముడిని వేళ్లు మరిచిపోలేదు. అరుగుమీది కాళ్లు ఊగడం మానాయి.

పొద్దు వాలకముందే వీధి మొదట్లో కర్నూలు జీపు ఆగింది. కానిస్టేబుల్ వచ్చి, చీఫ్ స్వయంగా వచ్చారని, ఆదోని విజయానికి అభినందించి వెంటనే ఢిల్లీ తీసుకుపోతారని విన్నవించాడు.

"ఇంగా సగం పోగులుండాయి," అన్నది సుంకులమ్మ తలెత్తకుండా. "ఆగమను."

భారత ప్రభుత్వం దీపాలు పెట్టే వేళ దాకా వీధి మొదట్లో ఇంజను ఆపుకుని నిలబడింది.